సాక్సులో బొగ్గు పెళ్ల

డిసెంబరులో ఒక రోజు రెండో తరగతి పిల్లలకు క్రిస్మస్ బొమ్మల పుస్తకం చూపిస్తున్నాను. బొమ్మలో మంచం పక్కన సాక్సులు వేలాడుతున్నాయి. మాట విన్న పిల్లల సాక్సుల్లో ఆటబొమ్మలు, మిఠాయిలు. అల్లరి పిల్లవాడి సాక్సులో నల్లటి బొగ్గు పెళ్ల. పడమటి దేశాల కథల్లో అది శిక్ష. ఆ పేజీ దగ్గర నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. సింగరేణి బొగ్గుబాయి దగ్గరి శ్రీరాంపూర్ కాలనీ నుంచి వచ్చే ఒక పాప లేచి, "బొగ్గు ఇచ్చిండంటే మంచిగనే ఇచ్చిండు కద టీచర్? మా బాపు దినాం బొగ్గు కోసమే బాయికి వోతడు" అంది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు పేజీ తిరగలేదు. బొగ్గు ఎవరికి శిక్ష, ఎవరికి బహుమతి అని వాదన. ఒకడు వాళ్ల నాయనమ్మ కుంపటి సంగతి ఎత్తాడు. ఇంకొకడు ఇస్త్రీ పెట్టెలో వేసేది కట్టెబొగ్గు, బాయిలో తీసేది వేరు అన్నాడు. నేలబొగ్గు, రాక్షసిబొగ్గు అనే మాటలు నేను అందించాను. 'రాక్షసి' వాళ్లకు తెగ నచ్చింది. ఇటలీలో జనవరి పండక్కి బెఫానా అనే ముసలమ్మ అల్లరి పిల్లలకు బొగ్గు ఇస్తుందని, అచ్చం బొగ్గులా కనిపించే చక్కెర మిఠాయి అక్కడ దొరుకుతుందని చెప్పాను. అది తినాలని అందరికీ ఆశ. శిక్ష, బహుమతి, కుంపటి, కట్టెబొగ్గు, నేలబొగ్గు, రాక్షసిబొగ్గు: ఒక్క బొమ్మ దగ్గర ఆరు మాటలు. ఆ పేజీలో అచ్చయిన అక్షరాలు మాత్రం ఒక్క వరుసే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ ఒక మాట వింటున్నాను. "వీడు చదువుతలేడు టీచర్, బొమ్మ చూసి చెప్తుండు. బొమ్మ మీద చెయ్యి పెట్టి చదివియ్యండి." ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం పిల్లలకు చాలా నష్టం చేస్తోంది.

నిజమైన సగం ముందు చెబుతాను. పేజీలో 'పాక' అని ఉంటే, పిల్లవాడు బొమ్మ చూసి 'కొట్టం' అంటే వాడు అక్షరాలు చదవలేదు, ఊహించాడు. ఆ ఊహ అలవాటైతే అక్షరాల మీద పట్టు రాదు. కాబట్టి అక్షర సాధనకు బొమ్మలు లేని చిన్న మాటలు, చిన్న వాక్యాలు వేరుగా ఉండాల్సిందే. తెలుగులో ఈ సాధన చాలాకాలం పడుతుంది కూడా. మన లిపికి అక్కలాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. గుణింతాలు, ఒత్తులు పూర్తిగా పట్టుబడటానికి పిల్లలకు ఏళ్లు పడుతుందని అందులో తేలింది. బడిలో నాలుగేళ్లు గడిచినా ఇంకా నేర్చుకుంటూనే ఉంటారు. ఒత్తు దగ్గర తడబడే మూడో తరగతి పిల్లవాడిని మొద్దు అనకండి.

ఇక రెండో సగం. క్రిస్మస్ కథలోని రెండు మాటలు తీసుకుందాం: నక్షత్రం, పాక. 'నక్షత్రం'లో క్ష ఉంది, త్ర ఉంది. పలకడానికి కొండెక్కినంత పని. పలికాక మాత్రం "ఓ, చుక్కా!" అని మొహం వెలుగుతుంది. 'పాక' రెండే అక్షరాలు, ఒత్తు లేదు. ఒకటో తరగతి పిల్ల కూడా గడగడా చదివేస్తుంది. అర్థం చెప్పమంటే దిక్కులు చూస్తుంది, ఎందుకంటే మా వైపు పశువులు ఉండేది కొట్టంలో. మొదటి మాటకు అక్షరం అడ్డం, రెండో మాటకు అర్థం అడ్డం. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు. బొమ్మ మీద చెయ్యి పెడితే 'పాక' ఎన్నటికీ తెలియదు.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక లెక్కగా చెప్పారు. అక్షరాలను మాటగా పలికే శక్తిని, విన్న భాషను అర్థం చేసుకునే శక్తితో గుణిస్తే చదువు వస్తుంది. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా అయితే మొత్తం సున్నా.

మన బొగ్గు బెల్టు వాళ్లకు దీన్ని బాయి లెక్కన చెప్పడం సులువు. ఇంక్లైన్ తవ్వారు, పట్టాలు వేశారు, హాలర్ రోప్ బిగించారు, టబ్బులు కట్టారు. ఇదంతా అక్షరాల పని. లోపల సీమ్, అంటే బొగ్గు పొర, లేకపోతే ఖాళీ టబ్బులే పైకి వస్తాయి. సీమ్ అంటే పిల్లవాడికి తెలిసిన మాటలు. సీమ్ ఎంత మందంగా ఉన్నా రోప్ లేకపోతే అదీ పైకి రాదు. మరి బొమ్మ? బొమ్మ బాయిలో వదిలే పిల్లర్. కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి, చుట్టూ గ్యాలరీలు తోలుకుంటూ పోతారు. అర్థం కూలిపోకుండా బొమ్మ అలా మోస్తుంది. పిల్లర్ కూడా బొగ్గే అన్న సంగతి మరవొద్దు. బొమ్మలోనూ మాటలే ఉన్నాయి, అచ్చు కాలేదంతే. పిల్లర్లను చివర్లో తీస్తారు, అదీ లోపలి కొస నుంచి వెనక్కి వస్తూ, ఒక్కొక్కటే. దాన్నే డీపిల్లరింగ్ అంటారు. నాలుగో తరగతికి బొమ్మలు తగ్గి, ఆరో తరగతికి బొమ్మలు లేని కథ చదవడం కూడా డీపిల్లరింగే. మొదటి రోజే అన్ని బొమ్మల మీదా చెయ్యి పెట్టడం, బాయి తెరిచిన రోజే పిల్లర్లు పీకడం. కప్పు మీద పడుతుంది.

మాటలు ఎక్కువ తెలిసిన పిల్లలకు చదవడం హాయిగా ఉంటుంది, హాయిగా ఉంటే ఇంకా చదువుతారు, ఇంకా మాటలు వస్తాయి. తక్కువ తెలిసిన వాళ్లు వెనకబడుతూ పోతారు. ఉన్నవాడికే ఇంకా చేరే ఈ తీరును చదువు విషయంలో కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లో 'మత్తయి ప్రభావం' అని వివరించాడు. ఆ పేరు మత్తయి సువార్త నుంచి వచ్చింది. చుక్కను చూసి బాలయేసు దగ్గరికి వచ్చిన జ్ఞానుల కథ ఉన్న సువార్త కూడా అదే.

ఇప్పుడు ఒక్క పేజీ తీరిగ్గా చూద్దాం. బాలయేసు తొట్టిలో పడుకున్నాడు. చుట్టూ తల్లి, తండ్రి, గొర్రెల కాపరులు, ఎద్దు, గాడిద, పైన చుక్క. నేను ముందు చదవను. "ఏం కనబడుతుంది?" అని అడిగి ఊరుకుంటాను. ఊరుకోవడం చాలా ముఖ్యం. పెద్దవాళ్లకు రెండు క్షణాలు మౌనంగా ఉండటం కష్టం, జవాబు మనమే చెప్పేస్తాం. ఎవరో "కొట్టం" అంటారు. "అవును, గడ్డి కప్పిన కొట్టం. పుస్తకంలో దీన్ని పాక అన్నారు" అంటాను. పిల్ల మాటను తప్పు అనను, పక్కన ఇంకో మాట నిలబెడతాను. ఇంకొకరు తొట్టిని చూసి "కుడితి గోలెం" అంటారు. గోలెంలో నీళ్లు, కుడితి ఉంటాయి, తొట్టిలో గడ్డి ఉంది. తేడా పిల్లలే పట్టుకుంటారు. బిడ్డకు చుట్టినవి పొత్తిగుడ్డలు. ఈ మాట తెలుగు బైబిల్‌లో ఉంది, మన అమ్మమ్మల నోట్లోనూ ఉంది, పాఠ్యపుస్తకంలో కనిపించడం అరుదు. "మీ చెల్లె పుట్టినప్పుడు దేంట్ల సుట్టిన్రు?" అంటే పాత చీర ముక్క దగ్గర్నుంచి ఆస్పత్రి తువ్వాలు దాకా వస్తాయి.

చుక్క దగ్గరికి వస్తే నాకు సమయం తెలియదు. చుక్క, నక్షత్రం, తార. తెల్లారుజామున కనబడేది వేగుచుక్క. ఫస్ట్ షిఫ్టుకు పోయే వాళ్లను అడగండి, వాళ్లు చూస్తుంటారు. తోక ఉంటే తోకచుక్క. వాకిట్లో ముగ్గుకూ చుక్కలే, నెత్తి మీద పడ్డ వానా చుక్కే. ఒకే మాట నేల మీద, ఆకాశంలో, నీళ్లలో ఉంటుందని ఏడేళ్ల పిల్లకు తెలిసిన క్షణం చూడాలి. అప్పుడు మాత్రమే వాక్యం దగ్గరికి వెళ్లి, 'నక్షత్రం' మీద వేలు పెట్టి, క్ష ఎలా రాశారో, త కింద ర ఎలా చేరిందో చూపిస్తాను. అర్థం ముందే ఇంటికి వచ్చి కూర్చుంది. అక్షరం దాని వెనకే వస్తుంది.

ఇంకో విషయం. మత్తయి, లూకా సువార్తలు తీసి చూడండి. ఆ రాత్రి కథలో ఎద్దు లేదు, గాడిద లేదు. జ్ఞానులు ముగ్గురని కూడా లేదు, కానుకలు మాత్రం మూడు: బంగారం, సాంబ్రాణి, బోళం. మిగతావాటిని మన కళ్ల ముందు నిలిపింది బొమ్మే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊళ్లో అస్సిసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డి నింపిన తొట్టిని నిలబెట్టి, ఊరి జనానికి ఈ కథను కళ్లకు కట్టాడు. బొమ్మ అక్షరానికి సేవకురాలు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఊరికే బొమ్మలు చూపిస్తే చాలదు, మాట్లాడించాలి. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో దీన్ని నిరూపించింది. రెండు, మూడేళ్ల పిల్లలున్న కొన్ని ఇళ్లు. అందరూ పిల్లలకు దాదాపు అన్నిసార్లే చదివారు. సగం మందికి మాత్రం ప్రశ్నలు ఎలా అడగాలో, పిల్ల జవాబును ఎలా పొడిగించాలో నేర్పారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాటల్లో చెప్పగలిగే శక్తిని కొలిచిన ఒక పరీక్షలో ఎనిమిదిన్నర నెలలు ముందున్నారు. తర్వాత మెక్సికోలో పేద పిల్లలతో చేసినప్పుడూ ఫలితం కనిపించింది. ఖర్చు ఏమీ లేదు.

ఖర్చు అంటే గుర్తొచ్చింది. కళ్లకు గంతలు కట్టినా పిల్లలు పుస్తకం చదివేస్తారని చెప్పి, 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో వేలకు వేలు గుంజిన క్లాసులు మన తెలుగు పట్టణాలకూ వచ్చాయి. ముక్కు పక్కన సందులోంచి చూడటం తప్ప అందులో ఏ విద్యా లేదు. బాసర దాకా వెళ్లి అక్షరాభ్యాసం చేయించి, తిరిగొచ్చే దారిలో ఒక్క కథల పుస్తకం కూడా కొనని వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పలక మీద బియ్యంలో దిద్దించిన 'ఓం' తర్వాత ఆ పిల్లకు ఎవరు కథ చెబుతారు?

"క్రిస్మస్ పుస్తకమే ఎందుకు, మతం చెప్తున్నరా?" అని కూడా అడుగుతారు. లేదు. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూల బొమ్మలు చూపించినట్టే, డిసెంబరులో ఇది. బెల్లంపల్లి, మందమర్రి గల్లీల్లో ఇళ్ల ముందు కాగితం చుక్కలు వెలుగుతున్నప్పుడు పిల్లలు వాటి గురించి మాట్లాడాలనుకుంటారు. ఆ ఆశే నాకు కావాలి. రేమండ్ బ్రిగ్స్ 1978 నాటి 'ది స్నోమాన్' పుస్తకంలో ఒక్క అక్షరం లేదు, కాబట్టి అది పూర్తిగా తెలుగు పుస్తకమే. క్రిస్మస్ తాత కూడా అందులో లేడు, 1982 సినిమాలో చేర్చారు. అదే బ్రిగ్స్ 1973లో 'ఫాదర్ క్రిస్మస్' వేశాడు. అందులో తాత చలికి గొణుక్కుంటూ లేచి, టీ పెట్టుకుని, రాత్రి డ్యూటీకి బయలుదేరే పనివాడు. బ్రిగ్స్ తండ్రి ఇంటింటికీ పాలు పోసేవాడు. మా పిల్లలు ఆ తాతను చూడగానే "నైట్ షిఫ్ట్" అన్నారు.

బొగ్గు గనులకూ బొమ్మలకూ పాత చుట్టరికం ఉంది. 1842లో బ్రిటన్‌లో గనుల్లోని పిల్లల గురించి వచ్చిన నివేదికలో బొమ్మలు వేశారు, బండ్లు లాగుతున్న పిల్లల బొమ్మలు. అవి చూసి దేశం కదిలింది. ఆ ఏడాదే పదేళ్లలోపు మగపిల్లలను, స్త్రీలను, ఆడపిల్లలను భూగర్భంలో పనికి పెట్టకూడదని చట్టం వచ్చింది.

డిసెంబరు 23 సింగరేణి ఆవిర్భావ దినం, రెండు రోజులకు క్రిస్మస్. ఆ రెండింటి మధ్య మా తరగతి సొంతంగా ఒక పుస్తకం వేసింది. ఎనిమిది పేజీలు, డ్రాయింగ్ షీట్లు కుట్టినది. తాత నెత్తిన క్యాప్ ల్యాంప్, సంచి బదులు టిఫిన్ డబ్బా. పొగగొట్టం అనగానే పిల్లలు వేసింది మా దగ్గరి జైపూర్ కరెంటు ప్లాంటుది. తాత దాంట్లోంచి దిగలేక తలుపు తట్టాడు. చివరి పేజీలో శ్రీరాంపూర్ పాప తన సాక్సు వేసి, అందులో పెద్ద బొగ్గు పెళ్ల వేసి, నల్ల రంగు అయిపోయేదాకా రుద్దింది. కింద తనే రాసింది: "మంచిగనే ఇచిండు." చ కింద చ ఒత్తు లేదు. పక్కన కూర్చుని అది ఎక్కడ పెట్టాలో చూపించాను.