వేళ్లు తెగినా తీగ వదల్లేదు

1965వ సంవత్సరం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం. అక్కడి ఒక రేకుల కర్మాగారంలో పదిహేడేళ్ల టోనీ అయోమీకి అదే ఆఖరి రోజు. గిటారు వాయించుకుని బతుకుదామని పని మానేస్తున్నాడు. ఒక వాద్యబృందంతో విదేశాలకు వెళ్లే అవకాశం కూడా చేతికొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక వెళ్లనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. పూట సగంలో పని వదిలిపెట్టకూడదని, పూర్తిచేసి రమ్మని పంపింది.

అతను చేసేది వెల్డింగు పని. రేకులు వంచి అందించే మనిషి ఆ రోజు రాలేదు. ఆ యంత్రం దగ్గర టోనీని నిలబెట్టారు. అలవాటు లేని యంత్రం. ప్రెస్సు వచ్చి చేతి మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి.

టోనీది ఎడమచేతి వాటం. అందరూ ఎడమచేత్తో తీగలు నొక్కి కుడిచేత్తో మీటితే, అతను కుడిచేత్తో నొక్కి ఎడమచేత్తో మీటుతాడు. తెగినవి కుడిచేతి వేళ్లు. అంటే సరిగ్గా తీగలు నొక్కే వేళ్లే. ఇక గిటారు సంగతి మరిచిపొమ్మన్నారు వైద్యులు.

ఆ కుర్రాడే ఆరేళ్ల తర్వాత, 1971లో, తన బృందం 'బ్లాక్ సబాత్' వెలువరించిన మూడో రికార్డులో తీగలను మామూలు శ్రుతి కన్నా బాగా కిందికి దించి వాయించాడు. ఇవాళ ప్రపంచమంతటా 'హెవీ మెటల్' అని పిలుస్తున్న సంగీతానికి ఆ మోత ఒరవడి అయింది. హెవీ మెటల్ అంటే బరువైన లోహం అని అర్థం. లోహమే వేళ్లు తీసింది. ఆ పేరుగల సంగీతంలోనే అతనికి కీర్తి దక్కింది.

ఫోర్‌మన్ తెచ్చిన రికార్డు

వేళ్లు పోయి ఇంట్లో కుమిలిపోతున్న టోనీని చూడటానికి కర్మాగారం ఫోర్‌మన్ వచ్చాడు. చేతిలో ఒక గ్రామఫోను రికార్డు ఉంది. పెట్టి వినమన్నాడు. టోనీకి వినాలని లేదు. గిటారు మోత వింటేనే దుఃఖం వచ్చే రోజులవి. బలవంతం మీద విన్నాడు. బాగుందన్నాడు. ఆ వాయించిన మనిషికి ఎడమచేతిలో రెండు వేళ్లే సరిగా పనిచేస్తాయని ఫోర్‌మన్ అప్పుడు చెప్పాడు.

ఆ వాద్యకారుడి పేరు జాంగో రైన్‌హార్ట్. బెల్జియంలో ఒక సంచార కుటుంబంలో పుట్టాడు. 1928లో, తాము కాపురముండే బండి అంటుకుని అతని చెయ్యి కాలిపోయింది. రెండు వేళ్లు ముడుచుకుపోయాయి. మిగిలిన రెండింటితోనే కొత్తగా సాధన చేసి, యూరప్‌లో పేరుమోసిన గిటారు విద్వాంసుడయ్యాడు.

టోనీ లేచి కూర్చున్నాడు. గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. టంకం వేసే కడ్డీ కాల్చి దానిలో వేలు పట్టేంత రంధ్రం చేశాడు. గరుకు కాగితంతో అరగదీసి, వేలి కొసకు సరిపోయే తొడుగుగా మలిచాడు. ప్లాస్టిక్ తీగ మీద జారిపోతోంది. పాత తోలుకోటు ముక్క కత్తిరించి పైన అంటించాడు. పట్టు దొరికింది. దర్జీలు వేలికి పెట్టుకునే అంగుస్తానా లాంటిదే ఇదీ. కొనడానికి ఎక్కడా దొరకనిది, తన చేత్తోనే చేసుకున్నాడు.

తొడుగైతే వచ్చింది గాని, దాని కింద వేలికి స్పర్శ తెలియదు. మందపాటి తీగ నొక్కితే నొప్పి. గిటారుకు సన్నని తీగలు ఆ రోజుల్లో బజారులో లేవు. అందుకని బాంజో అనే మరో వాద్యం తీగలు తెచ్చి బిగించుకున్నాడు. వేళ్లన్నీ వాడి నొక్కే స్వరాల గుత్తులు తనకు కష్టమయ్యాయి. రెండు మూడు స్వరాలతోనే మోత నిండుగా వచ్చేలా వాయించే పద్ధతి అలవరచుకున్నాడు.

నలుగురు కార్మికుల బిడ్డలు

బర్మింగ్‌హామ్‌లో ఏస్టన్ అనేది కూలీనాలీ జనం ఉండే పేట. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి కూలిన ఇళ్ల శిథిలాలు ఇంకా తొలగని చోట ఈ కుర్రాళ్లు ఆడుకున్నారు. పెద్దయితే కర్మాగారమే గతి. పాటగాడు ఓజీ ఆస్‌బోర్న్ కొన్నాళ్లు మోటారుకార్ల హారన్లకు శ్రుతి సరిచూసే పని చేశాడు. కొన్నాళ్లు కబేళాలో పనిచేశాడు. దొంగతనం చేసి పట్టుబడి కొద్దివారాలు జైల్లోనూ ఉన్నాడు. పాటలు రాసే గీజర్ బట్లర్ లెక్కల గుమాస్తాగా శిక్షణ పొందుతూ మానేశాడు. అతను వాయించేది మంద్రస్థాయి గిటారు. డ్రమ్ములు బిల్ వార్డ్‌వి.

1968లో నలుగురూ కలిశారు. మరుసటి ఏడాది ఒక భయానక చలనచిత్రం పేరును తమ బృందానికి పెట్టుకున్నారు. జనం డబ్బిచ్చి మరీ భయపడటానికి సినిమాకు వెళుతున్నప్పుడు, భయపెట్టే పాటలు మాత్రం ఎందుకు వినరని వాళ్ల ఆలోచన.

ఒక్క రోజులో మొదటిది

మొదటి రికార్డు తయారీ ఒక్క రోజులో ముగిసింది. 1969 అక్టోబరులో స్టూడియోకు వెళ్లి, రోజూ వేదిక మీద వాయించేదే వరసగా వాయించి వచ్చేశారు. 1970 ఫిబ్రవరి 13న అది బజారులోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో రెండోది 'పారనాయిడ్' వచ్చింది. నిడివి చాలక, చివరి క్షణంలో కొద్ది నిమిషాల్లో కట్టిన ఒక పాటే ఆ రికార్డుకు పేరై కూర్చుంది. బ్రిటన్ అమ్మకాల్లో అది మొదటి స్థానానికి చేరింది.

జనం ఎగబడ్డారు. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. ఇది సంగీతం కాదు, రణగొణ ధ్వని అన్నారు. పేరు చూసి దయ్యాలను కొలిచేవాళ్లని కొందరు ముద్ర వేశారు.

ఇటువంటప్పుడు ఏ బృందమైనా మూడోసారీ పాత సరుకునే కొత్త అట్టలో పెట్టి అమ్ముకోవచ్చు. వీళ్లు ఆ పని చేయలేదు.

శ్రుతి దిగింది

మూడో రికార్డు పేరు 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'. 1971 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు లండన్‌లోని ఐలండ్ స్టూడియోలో దీనిపై పనిచేశారు. నిర్మాణం చూసుకున్నది మొదటి రెండింటి నిర్మాత రాడ్జర్ బెయినే. ఒక్క రోజులో ముగించిన వాళ్లకు ఈసారి ఆలోచించుకోవడానికి, తప్పయితే చెరిపి మళ్లీ వాయించడానికి వ్యవధి దొరికింది.

అప్పుడే టోనీ తీగలు వదులు చేశాడు. ముఖ్యమైన పాటల్లో శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు. గిటారులో అన్నిటికన్నా మందపు తీగ మామూలుగా సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. మూడు మెట్లు దిగితే అది 69కి పడుతుంది. మన డప్పు వాయించేవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. సెగ చూపి తోలు బిగిస్తే డప్పు ఖంగుమంటుంది. తోలు వదులైతే మోత లోతుకు దిగుతుంది. తీగ సంగతీ అంతే.

బిగువు తగ్గితే నొక్కడం తేలిక. తెగిన వేళ్లకు నొప్పి తగ్గింది. దానితోపాటు మోత బరువెక్కింది. బట్లర్ కూడా తన వాద్యాన్ని అదే శ్రుతికి దించాడు. రెండు వాద్యాలూ కలిసి కింద నుంచి లేస్తుంటే నేల కదిలినట్టుంటుంది. నొప్పి తగ్గించుకోవడానికి వెతుక్కున్న ఉపాయం కొత్త సంగీతానికి దారి తీసింది. బృందం ఎదుగుదలకు గుర్తు ఇదే.

ఎదుగుదల మోతలోనే ఆగిపోలేదు. ఈ రికార్డులో ఎనిమిది అంశాలున్నాయి. మొత్తం సుమారు 34 నిమిషాలు. అందులో రెండు మాటలు లేని చిన్న వాద్యఖండికలు. ఉరుములాంటి రెండు పాటల నడుమ వాటిని పెట్టారు. చెవికి విశ్రాంతి దొరికితేనే తర్వాతి దెబ్బ బరువు తెలుస్తుందని గ్రహించారు. 'సాలిట్యూడ్' అనే పాటలో టోనీ పిల్లనగ్రోవి ఊదాడు, పియానో వాయించాడు. ఎప్పుడూ అరిచే ఓజీ అందులో ఎంత మెత్తగా పాడాడంటే, వేరెవరో పాడారని చాలామంది పొరపడ్డారు.

బట్లర్ రాసిన మాటల్లోనూ పదును పెరిగింది. ఒక పాట అణుయుద్ధ భయంలో పెరిగే యువతరాన్ని శాంతి కోసం నిలబడమంటుంది. ఇంకొకటి, మనుషులు పాడుచేసిన భూమిని వదిలి రాకెట్టులో వేరే లోకానికి వెళ్లిపోయే వాళ్ల కథ. దయ్యాల భక్తులన్న నిందకు జవాబా అన్నట్టు మరో పాటలో దైవవిశ్వాసం గురించే రాశాడు. బట్లర్ క్యాథలిక్ కుటుంబంలో పుట్టినవాడు.

రాకెట్టు పాట 'ఇన్‌టు ద వాయిడ్'కు తాళం ఓ పట్టాన కుదరలేదు. దానికోసం ఒకటికి రెండు స్టూడియోలు మారవలసి వచ్చిందని టోనీ తర్వాత చెప్పాడు. ఆ పాటలో లయ మధ్యలో ఒక్కసారిగా మారుతుంది. పాత పద్ధతిలో ఒక్క రోజులో వాయించి వెళ్లిపోయేవాళ్లయితే అది సాధ్యమయ్యేది కాదు.

మత్తు చేసిన చెరుపు

ఈ కథలో మచ్చ లేకపోలేదు. ఆ రికార్డు మొదలయ్యేదే టోనీ దగ్గుతో. గంజాయి పొగ గొంతుకు అడ్డం పడి వచ్చిన దగ్గు అది. ఆ పాట కూడా గంజాయిని మెచ్చుకునేదే. తర్వాతి సంవత్సరాల్లో మద్యం, మత్తుమందులు బృందాన్ని గుల్ల చేశాయి. 1979లో ఓజీని బృందం నుంచి తొలగించారు. నలుగురి మైత్రి ఎన్నోసార్లు తెగి మళ్లీ అతుక్కుంది. సాధనతో ఎదిగినవాళ్లు వ్యసనంతో ఎంత పోగొట్టుకున్నారో వాళ్లే తమ జ్ఞాపకాల్లో దాచకుండా చెప్పుకున్నారు.

రికార్డు మాత్రం నిలిచింది. 1971లో బజారులోకి వచ్చి బ్రిటన్‌లో అయిదో స్థానానికి, అమెరికాలో ఎనిమిదో స్థానానికి చేరింది. విమర్శకుల మాట కూడా మెల్లగా మారింది. అమెరికా పత్రిక 'రోలింగ్ స్టోన్' 2003లో ప్రకటించిన 500 ఉత్తమ రికార్డుల జాబితాలో దానికి చోటిచ్చింది. తీగలు దించి వాయించడం తర్వాతి తరాల లోహసంగీత బృందాలకు మామూలు పద్ధతి అయిపోయింది. వేళ్లు పదీ చక్కగా ఉన్నవాళ్లు కూడా వేళ్లు తెగినవాడి పద్ధతినే పట్టుకున్నారు.

పుట్టిన పేటలోనే సెలవు

2025 జులై 5న నలుగురూ ఏస్టన్‌కే తిరిగి వచ్చారు. చిన్నప్పుడు తిరిగిన వీధులకు దగ్గరలోనే ఉన్న విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలో చివరి కచేరీ చేశారు. నలుగురూ కలిసి వాయించడం ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. నలభై వేల మందికి పైగా వచ్చారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఓజీ సింహాసనం మీద కూర్చునే పాడాడు. వచ్చిన సొమ్ము పిల్లల ఆసుపత్రికి, వ్యాధిగ్రస్త బాలల ఆశ్రయానికి, పార్కిన్సన్స్ పరిశోధనకు కేటాయించారు.

ఆ తర్వాత పదిహేడు రోజులకే, జులై 22న, 76 ఏళ్ల వయసులో ఓజీ కన్నుమూశాడు. అంతిమయాత్ర బర్మింగ్‌హామ్ వీధుల్లో సాగింది. బ్లాక్ సబాత్ పేరు పెట్టుకున్న వంతెన దగ్గర జనం పూలు గుట్టలుగా పోశారు. ఒకప్పుడు వాళ్లను రణగొణ ధ్వని అన్నారు. ఇప్పుడు ఊరు ఊరంతా వాళ్లను తమవాళ్లంది.

చివరి కచేరీనాడు టోనీ అయోమీకి 77 ఏళ్లు. వేళ్లకు తొడుగులు పెట్టుకునే వాయించాడు. 'మరిచిపో' అని వైద్యులు చెప్పి అప్పటికి అరవై ఏళ్లయింది.