ఆయకట్టు చివర దొరికే థీసిస్

గద్వాల కోర్టులో ప్రాక్టీసు చేసే జూనియర్ ఎవరైనా లాలో పీహెచ్‌డీ చేస్తానంటే బార్‌లో వినబడే మాట ఒకటే: "కేసులు చూసుకోక ఇంకా ఈ చదువేంది?" ఆ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. వాదించడానికి డాక్టరేటు అక్కర్లేదు, ఎల్‌ఎల్‌బీ పట్టా, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంటు, ఆలిండియా బార్ పరీక్షలో పాస్ చాలు. పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు ఈ డిగ్రీ పనికొస్తుంది. చట్టం కాగితం మీద ఒకలా, ఊళ్లో ఇంకోలా ఎందుకు నడుస్తోందో ఏళ్లకేళ్లు తవ్వి చూసే ఓపిక ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. నా దృష్టిలో ఈ రెండోవాళ్లకు పాలమూరు జిల్లాల్లో దొరికినంత సరుకు హైదరాబాద్ లైబ్రరీల్లో దొరకదు.

ముందు నిబంధనల సంగతి. యూజీసీ 2022లో తెచ్చిన రెగ్యులేషన్ల ప్రకారం ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీలో చేరే వీలు వచ్చింది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రానివాళ్లకు నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. చేరాక కోర్స్ వర్క్, ఆపైన సినాప్సిస్, ఆరు నెలలకోసారి కమిటీ ముందు హాజరు. కోర్స్ వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్లు మించకూడదు. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌గానూ చేయొచ్చు, పైవాళ్ల నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. ప్రొఫెసర్ దగ్గర ఒక సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి చోటుండదు. సీటు రావడం కంటే గైడ్ దొరకడం కష్టమనే మాట ఇక్కడ పుట్టిందే.

అసలు చిక్కు టాపిక్ దగ్గర వస్తుంది. దేశంలో మహిళల హక్కులన్నీ, పర్యావరణ చట్టాలన్నీ ఒకే థీసిస్‌లో పెడదామనుకుంటే చివరికి తేలేది పాఠ్యపుస్తకమే. పరిశోధనకు ఒక ప్రశ్న కావాలి, అదీ ఇంతకుముందు ఎవరూ సరిగ్గా జవాబు చెప్పనిది.

అలాంటి ప్రశ్న ఒకటి అలంపూర్ పొలాల్లో ఉంది. కర్ణాటకలోని రాయచూర్ జిల్లాలో తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట కట్టారు. దాని ఎడమ కాలువ 143 కిలోమీటర్లు. మొదటి నలభై చిల్లర కిలోమీటర్లు కర్ణాటకలో సాగి, తర్వాత మన వైపు వస్తుంది. ఇక్కడి ఆయకట్టు 87,500 ఎకరాలు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మనకిచ్చిన వాటా 15.9 టీఎంసీలు. అంకెలు చూస్తే కొదవేం లేదు. కానీ చివరి ఊళ్లకు నీళ్లందక, తెలంగాణ వచ్చాక తుమ్మిళ్ల దగ్గర లిఫ్టు పెట్టాల్సి వచ్చింది.

లా విద్యార్థి ఇక్కడ కాలువ పక్కన పెట్టి మ్యాపు తీయాలి. హైదరాబాద్ రాష్ట్రంలో గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూర్ జిల్లాలోనే ఉండేవి. అంటే ఆనకట్ట, ఆయకట్టు రెండూ ఒకే జిల్లావి. 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టం ఈ రెండు తాలూకాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది, తూము మాత్రం అవతలే మిగిలింది. అదే ఏడు పార్లమెంటు అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టమూ చేసింది. అలాంటి వివాదాల్లో సుప్రీంకోర్టుతో సహా ఏ కోర్టూ జోక్యం చేసుకోకూడదని అందులోని సెక్షన్ 11 అంటుంది. 2002 సవరణ మళ్లీ ట్రిబ్యునల్ నిర్ణయానికి సుప్రీంకోర్టు డిక్రీతో సమానమైన బలం ఇచ్చింది. ఇక 2016లో కావేరి కేసులో, ట్రిబ్యునల్ తీర్పు మీద అప్పీలు వినే అధికారం తనకుందని సుప్రీంకోర్టే చెప్పింది.

ఇన్ని మాటల మధ్య డిస్ట్రిబ్యూటరీ చివర మూడెకరాలున్న రైతు ఎక్కడ? వాటా రాష్ట్రానిది, పంట ఎండేది అతనిది. తన నీటి కోసం అతను స్వయంగా కోర్టుకు వెళితే అది రాష్ట్రాల మధ్య వివాదం కిందికి వస్తుందా, ప్రాథమిక హక్కు కిందికి వస్తుందా? థీసిస్ అంటే ఇదీ. తీర్పులు చదవడం ఇందులో సగం పనే. మిగతా సగం ఆర్టీఐ కింద నీటి విడుదల లెక్కలు అడగడం, కాలువ గట్టున కూర్చుని రైతులతో మాట్లాడటం.

నాగర్‌కర్నూల్ వైపు వెళ్తే చిక్కు ఇంకో రకం. అమ్రాబాద్ పులుల అడవిలో చెంచు పెంటలు, అంటే వాళ్ల గూడేలు ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు అడిగే వీలిచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టమేమో పులికి మనుషుల అలికిడి లేని చోటు కావాలంటుంది. రెండూ పార్లమెంటు చేసినవే. ఏది ముందో తేల్చే చోట గ్రామసభ తీర్మానానికి ఉన్న విలువెంత అన్నది గట్టి ప్రశ్న. ఇక్కడ పరిశోధకుడు మనుషుల మీద సమాచారం సేకరిస్తాడు కాబట్టి, ఎందుకు అడుగుతున్నాడో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన అది ఒప్పుకోలు కాదు.

వనపర్తిలో సంస్థానం నాటి ఇనాం భూములను తవ్వాలనుకునేవాళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మెట్లెక్కాలి. పాత కాగితాలు ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. ఆ లిపి రాకపోతే 1955 ఇనాం రద్దు చట్టం దగ్గరే ఆగిపోతారు. ఉర్దూ నేర్చుకున్నవాళ్లకు పోటీ తక్కువని నా అనుమానం.

టాపిక్ ఖాయం చేసుకునే ముందు శోధ్‌గంగలో వెతకాలి. ఆమోదం పొందిన థీసిస్‌లు అక్కడ ఎవరైనా చదవొచ్చు. ఆరేళ్లు ఖర్చు పెట్టాక, అదే పని ఇంకెవరో ఎప్పుడో చేశారని తెలిస్తే ఏడుపొస్తుంది.

డబ్బు సంగతీ చూసుకోవాలి. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. రాకపోతే కోర్టు ఆదాయం మీద ఆధారపడాలి. కాలువ మీద పనిచేసేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: ఒక్క వానాకాలం చూసి నీటి పంపకం గురించి ఏమీ తేల్చలేం. వరద ఏడొకటి, కరువు ఏడొకటి అయినా చేతిలో ఉండాలి.