మలేరియా కిట్‌కు చిక్కని పరాన్నజీవి

జ్వరపీడితుని వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి ర్యాపిడ్ కిట్‌పై వేస్తే, అరగంటలోపే మలేరియా ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ప్రయోగశాలలు లేని అటవీ గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ఇదే ప్రధాన ఆధారం.

మలేరియా కారకాల్లో అత్యంత ప్రాణాంతకమైనది ఫాల్సిపరం. ఈ పరాన్నజీవి రక్తంలోకి విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను కిట్‌లోని యాంటీబాడీలు పట్టుకుంటే రంగు గీత కనిపిస్తుంది. అయితే ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువే లేని పరాన్నజీవులు ఉన్నట్లు 2010లో పెరూ నమూనాల ఆధారంగా శాస్త్రవేత్తలు వెల్లడించారు. అనంతరం ఎరిట్రియాలోనూ, భారత్‌లోనూ ఇలాంటివి బయటపడ్డాయి.

దీని పర్యవసానం తీవ్రమైనది. గీత కనిపించకపోతే రోగికి సకాలంలో చికిత్స అందదు. అతనిని కుట్టిన దోమ అదే రకాన్ని ఇతరులకు చేరవేస్తుంది. కిట్‌కు దొరికిన రకాలు మందులతో నశిస్తుండగా, దొరకనిది వ్యాపిస్తుంది. అంటే రోగాన్ని పట్టుకోవలసిన పరీక్షే పరోక్షంగా దాని వ్యాప్తికి తోడ్పడుతుంది.

ఈ జన్యులోపం కారణంగా గుర్తింపునకు అందని కేసులు 5 శాతం దాటితే, వేరే ప్రొటీన్‌పై ఆధారపడే కిట్లకు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. కిట్‌లో నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గనివారికి మైక్రోస్కోప్‌తో రక్తపూత పరీక్ష అవసరం. పరాన్నజీవినే నేరుగా చూపే ఈ పద్ధతికి జన్యులోపం అడ్డుకాదు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నదీ మైక్రోస్కోప్‌తోనే.