వెల లేని విద్య – తెలుగు మాట

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు త్రోవలో సముద్రతీరమున ఎఱ్ఱమట్టి దిబ్బలు గలవు. బండ్లపై పోవువారు వానిని చూచి సంతసించి సాగిపోవుదురు. గాజువాక నివాసియగు పెద్దమనిషి యొకరు మాత్రము అట్లు సాగిపోలేదు. ఉక్కు కర్మాగారమున కోక్ ఓవెన్ల యొద్ద ముప్పది సంవత్సరములు పనిచేసి విరమించిన యీయన, ఆ దిబ్బలెట్లు పుట్టినవో తెలిసికొనగోరి అఱువదిరెండవ యేట భూగర్భశాస్త్రము నారంభించినారు. సముద్రము వెనుకకు తగ్గిన యుగమున గాలి యెత్తిపోసిన యిసుకయే ఇనుప ఆక్సైడువలన ఎఱుపెక్కినదని విన్నప్పుడు, ‘ఇక్కడ కూడా ఇనుమేనా!’ అని తాము నవ్వుకొన్నట్లు మాతో చెప్పినారు.

వారికి గురుపీఠము సెల్ ఫోను. రుసుము లేదు. దేశమునందలి ఐ.ఐ.టి.లును బెంగుళూరు విజ్ఞాన సంస్థయు గలిసి 2003లో మొదలిడిన ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములను, 2017 జూలైలో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ‘స్వయమ్’ వేదికపై నున్న పాఠములను ఎవరైనను ఉచితముగా వినవచ్చును. సముద్రముల కావల మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠములను లోకమునకు ఉచితముగా నిత్తునని 2001లోనే ప్రకటించి, ఆ మాట నిలుపుకొన్నది. భూగర్భశాస్త్రముతో అలసినవారు అర్థశాస్త్రమునకు పోవచ్చును. అది రుచింపనిచో ఖగోళమో తర్కమో సంస్కృత వ్యాకరణమో పట్టవచ్చును. ప్రవేశపరీక్షలు లేవు, ర్యాంకులు లేవు. బిడ్డ పదవతరగతి దాటినతోడనే గణితమా జీవశాస్త్రమా యని నిలదీసి, తక్కిన విద్యలన్నిటికిని తలుపు మూసివేయుట మన యిండ్ల ఆచారమైపోయినది. అట్లు మూసిన తలుపులను నలువదియవ యేటనో అఱువదియవ యేటనో మరల తట్టవచ్చుననుట మాకు చిన్న విషయముగా తోచదు.

ఈ తలంపు ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగువారు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, అబ్రహాము లింకను చరిత్రతో ప్రారంభించి, చరిత్రలను శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించినది. గ్రంథాలయోద్యమము వానిని గ్రామములకు చేర్చినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టి పిదప వాల్తేరు చేరినది; 1931 మొదలు 1936 వఱకు రాధాకృష్ణ పండితుడు దానికి ఉపాధ్యక్షుడు. టి. ఆర్. శేషాద్రిగారు అచట రసాయనశాస్త్రము బోధించిన దినములలో కొండదిగువనున్న రేవు కూలీకి ఆ పాఠము వినబడు మార్గము లేదు. 1982లో హైదరాబాదున వెలసి పిదప అంబేద్కరు పేర పరగిన సార్వత్రిక విశ్వవిద్యాలయము కొంత దూరము మార్గము వేసినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. నేటి సెల్ ఫోను పాఠము ఆ దారికి కొనసాగింపు.

ఉచితమను మాటలో కొంత మెలిక గలదు. పాఠమునకు వెల లేదు గాని, ఎన్.పి.టి.ఇ.ఎల్. ధ్రువపత్రము కావలయునన్న పరీక్షకు రుసుము చెల్లింపవలయును. డిగ్రీకి వలయు క్రెడిట్లలో నూటికి నలువదివఱకు స్వయమ్ పాఠములనుండి గైకొనవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో అనుమతించినది గనుక, కళాశాలల విద్యార్థులకు అదియు ప్రయోజనకరమే. చేరినవారిలో పెక్కురు నడుమనే విడిచిపోవుదురని విమర్శింతురు. అది నిజమే. 2011లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కృత్రిమమేధపై చెప్పిన పాఠములకు లక్షకు మించి చేరగా, తుదివఱకు నిలిచినవారు అందులో స్వల్పభాగమే. దీనికై మేము దుఃఖింపము. గ్రంథాలయమున పుస్తకము సగము చదివి విడిచినవానిని దోషి యని యెవరనిరి?

మాకు దుఃఖము కలుగునది వేఱొకచోట. 2020లో బడులు మూతపడినప్పుడు మన్యమున సంకేతమునకై పిల్లలు గుట్టలెక్కిన సంగతి చదువరులు మఱచియుండరు. ఉపగ్రహముద్వారా టెలివిజనులో ఉచితముగా ప్రసారమగు ‘స్వయమ్ ప్రభ’ పాఠములు గలవని అట్టి గ్రామములలో ఎందఱికి తెలియును? 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ యను నౌక ప్రవేశించిన యీ రేవుపట్టణమునకు సముద్రగర్భపు తంత్రులను తెచ్చెదమని 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించినది. తంత్రి తీరమున దిగుట యొకటి, పాడేరు కొండ యెక్కుట వేఱొకటి.

అంతకంటెను పెద్ద అడ్డు భాష. ఉన్నతపాఠములలో మిక్కిలి భాగము ఇంగ్లీషుననే యున్నది. ఎన్.పి.టి.ఇ.ఎల్. వారు కొన్ని పాఠముల వ్రాతప్రతులను తెలుగున నిచ్చుచున్నారు. అది మెచ్చదగిన పని. కాని ఆచార్యుని గొంతు ఇంగ్లీషే. మా గాజువాక మిత్రునికి మనుమరాలు ప్రక్కన కూర్చుండి మాటమాటకు అర్థము చెప్పుచుండును. ఆ పిల్లకు పరీక్షలు వచ్చిన నెలలో ఆయన పాఠము ఆగిపోయినది.

తెలుగు ప్రతి దొరికినదే, దానిని చదువుకొనరాదా యని మేము వారిని అడిగితిమి. చదివినారట. మొదటి పుటలోనే ‘అవక్షేపము’ అని యున్నదట. సంస్కృతము చదువుకొన్న మాకు ఆ మాటలో కష్టమేమియు కనబడలేదు. ఆయనకు అది ఇంగ్లీషుకంటె దూరమైనది. రెండు దినములు ఆలోచించి, తుదకు మనుమరాలు బొమ్మ గీసి చూపగా గ్రహించినారు.

‘ఇసుక మేట వేసిందని రాసుంటే మొదటి రోజే తెలిసిపోయేది కద బాబూ’ అన్నారు.

మేము బదులు వెదకుకొనుచుండగనే ఆయన కళ్ళజోడు సవరించుకొని తరువాతి పాఠము తెఱచినారు. అదియు ఇంగ్లీషే. ‘అమ్మడూ, ఒకసారి ఇలా రావే’ అని లోపలికి కేక వేసినారు.