ఎలుక వీపు మీద గెలిచిన పసుపు

చర్మ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి మూలం ఎండలోని అతినీలలోహిత కిరణాలు. వాటిలో యూవీబీ చర్మకణంలోని డీఎన్‌ఏను నేరుగా తాకి, అందులో పక్కపక్కనున్న భాగాలను ఒకదానికొకటి అతికిస్తుంది. కణం ఆ అతుకును కత్తిరించి సరిచేసుకుంటుంది. సరిచేసుకోలేనిచోట తప్పు మిగిలిపోతుంది. కణానికి కాపలా కాసే పీ53 జన్యువులోనే ఆ తప్పు పడితే అదుపు తప్పడం మొదలవుతుంది. యూవీఏ ఇంకా లోతుకు దిగి, ఆక్సిజన్‌ను చురుకెక్కించి దెబ్బ తీస్తుంది. ఇదంతా ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి మధ్యలో ఎక్కడైనా మందుతో అడ్డుకోవచ్చు. ఈ ఆలోచనకు 1976లో అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ స్పోర్న్ కీమోప్రివెన్షన్ అని పేరు పెట్టాడు.

ఆ మందు కోసం వెతుకులాట తొందరగానే మొక్కల వైపు మళ్లింది. పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ ప్రయోగశాలలో మంచి పేరు తెచ్చుకున్నాయి. చురుకెక్కిన ఆక్సిజన్‌ను అణచడం, వాపును తగ్గించడం, పాడైన కణం తనంతట తాను చచ్చిపోయేలా చేయడం వీటి పనులు.

పరీక్షకు వాడింది ఎలుక వీపు. వెంట్రుకలు గొరిగి, డీఎంబీఏ అనే రసాయనాన్ని ఒకసారి పూస్తారు. తర్వాత వారాల తరబడి టీపీఏ రాస్తారు. పులిపిరుల్లాంటి గడ్డలు లేస్తాయి. మొక్క సారం పూసిన ఎలుకల్లో అవి ఎంత తగ్గాయో లెక్కిస్తారు. గడ్డలను పెంచే ఆ టీపీఏ కూడా మొక్క సరుకే. విరేచనాలకు పేరుపడ్డ నేపాళం గింజల నూనెలోది. మొక్కది కాబట్టి మేలే చేస్తుందనే నమ్మకం ఇక్కడే వీగిపోతుంది.

ఈ పద్ధతిలోనే 1988లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ పూతతో గడ్డలు తగ్గుతాయని చూపారు. ముంబై పరిశోధకులు 1992లో పసుపుతో అలాంటి ఫలితమే ప్రకటించారు. దక్షిణ ఢిల్లీలోని జేఎన్‌యూలో ఎ.ఆర్. రావు బృందం 1994లో తులసి సారాన్ని పరీక్షించింది. గడ్డలు తగ్గడమే కాక, విషాలను విరిచే గ్లూటాథయోన్-ఎస్-ట్రాన్స్‌ఫెరేజ్ ఎంజైము చర్మంలో పెరిగిందని గమనించింది. చందన తైలానికీ అమెరికాలోని దక్షిణ డకోటాలో ఇదే గౌరవం దక్కింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. తిన్న కర్క్యుమిన్‌ను పేగు, కాలేయం వెంటనే మార్చేస్తాయి. రక్తంలోకి చేరేది బహు స్వల్పం. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను అంతకుముందే చర్మ క్యాన్సర్ వచ్చిన 1,805 మందిపై అమెరికాలో పరీక్షించారు. 1990లో వెలువడిన ఫలితం: కొత్త క్యాన్సర్లు తగ్గలేదు. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992 నుంచి 1996 దాకా 1,621 మందిపై బీటా కెరోటిన్‌నూ, రోజువారీ సన్‌స్క్రీన్‌నూ పక్కపక్కన పరీక్షించారు. మాత్రకు ఫలితం లేదు. సన్‌స్క్రీన్ పూసుకున్నవారిలో స్క్వామస్ రకం కణుతులు దాదాపు 40 శాతం తగ్గాయి.

కొన్ని మొక్కలు ఎదురు తిరిగాయి కూడా. బొల్లికి వాడే బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. ఆ కుటుంబపు మందును యూవీఏ కాంతితో కలిపి సోరియాసిస్‌కు వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1979 నుంచి తేలుతూ వచ్చింది. యుఫోర్బియా పాల నుంచి తీసిన ఇంజినాల్ మెబ్యుటేట్ లేపనానిది మరీ విచిత్రం. క్యాన్సర్‌గా మారగల ఎండ మచ్చలకు దాన్ని 2012లో అమెరికా అనుమతించింది. పూసిన చోటే చర్మ క్యాన్సర్ వస్తోందన్న ఆందోళనతో 2020లో ఐరోపాలో అమ్మకం ఆపేశారు.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కావడం వల్ల భారతీయుల్లో ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు తక్కువ. అయితే పాత కాలిన మచ్చల్లో, ఎన్నాళ్లకూ మానని పుండ్లలో వచ్చే క్యాన్సర్లు, అరికాలిలో నల్లమచ్చగా కనిపించే మెలనోమా ఇక్కడ ఎక్కువగా పట్టించుకోవాల్సినవి. వీటికి ఎండతో సంబంధం తక్కువ. ఎండను అడ్డుకునే పూత ఏదైనా వీటిని ఆపుతుందనుకోలేం. ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో మే నెల ఎండ కొన్నిసార్లు 45 డిగ్రీలు దాటుతుంది; కానీ ఆ వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. మేఘం పట్టిన చల్లటి పూటా అవి పడుతూనే ఉంటాయి. కట్టడాల దగ్గర పనిచేసేవారికి నిండు చేతుల చొక్కా, తలపాగా, మధ్యాహ్నపు నీడ ఇచ్చే రక్షణను ఏ తులసి, పసుపు లేపనమూ ఇంతవరకు మనుషుల్లో చూపించలేదు. క్యాన్సర్‌ను నివారిస్తుందని మందును ప్రకటించుకోవడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధిస్తుంది.