వార్తల్లో పదం: ఆగ్మెంటెడ్ రియాలిటీ

యథార్థ దృశ్యముపై కృత్రిమ సంకేతములను అధ్యారోపించు విద్యయే ఆగ్మెంటెడ్ రియాలిటీ. యుద్ధవిమానములలో పుట్టి, 1988లో ఓల్డ్స్‌మొబైల్ కారునకెక్కిన, కన్నులయెదుటి అద్దముపై సమాచారమును చూపు హెడ్-అప్ డిస్‌ప్లే దీనికి మాతృక. 2024 నవంబరులో వెలువడిన మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ విద్యుత్ కార్ల ఉన్నత శ్రేణులలో వేగమును, మలుపు గుర్తును రోడ్డుమీదనే యున్నట్లు అద్దమున చూపునది ఈ విద్యయే. చూపు మరల్చనక్కరలేదని కొందరు చోదకులు మెచ్చుకొందురు. మెరయు గుర్తులే దృష్టిని హరించునని మరికొందరు శంకింతురు. తెలంగాణలో మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగు 163వ జాతీయ రహదారిపై, 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు అసువులు బాసిన దుర్ఘటనను తలచినచో, ఈ రెండు అభిప్రాయములును ఆలోచింపదగినవే: యంత్రము ముందుగా హెచ్చరించుట ప్రాణదాయకమే, అయినను ఇరుకైన దారిని వెడల్పు చేయుట ప్రభుత్వ ధర్మము, వేగమును అదుపున నుంచుట చోదకుని ధర్మము.