లినక్స్ పంపిణీలలో క్లౌడ్ సాఫ్టువేరు ప్యాకేజీలు

ఓపెన్ సోర్స్ క్లౌడ్ సాఫ్టువేరును డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలలో ఒకే ఆజ్ఞతో స్థాపించుకోవడానికి వీలుగా కూర్చి, ఆ పంపిణీ భాండాగారంలో చేర్చే ప్రక్రియను ప్యాకేజీ తయారీ అంటారు. అనేక కంప్యూటర్లను ఒకే వనరుగా నడిపే ఓపెన్‌స్టాక్, సొంత సర్వరులో ఫైళ్ళు దాచుకొనే ఓన్‌క్లౌడ్ ఈ తరగతి సాఫ్టువేర్లకు ఉదాహరణలు. సాఫ్టువేరును వ్రాసేవారు, ప్యాకేజీని తయారుచేసేవారు సాధారణంగా వేర్వేరు వ్యక్తులు. ఈ వ్యాసంలో మొదటివారిని మూల రచయితలు అని, రెండవవారిని నిర్వాహకులు అని వ్యవహరించడం జరిగింది.

== ప్యాకేజీ అంటే ఏమిటి ==

పోతన2000, వేమన2000 ఖతులను డెబియన్‌లో విడిగా వెతికి దించుకోనక్కరలేదు. తెలుగు ఖతుల ప్యాకేజీని స్థాపిస్తే చాలు. క్లౌడ్ సాఫ్టువేరుకూ పద్ధతి ఇదే, కాని శ్రమ చాలా ఎక్కువ. ఖతికి ఇతర సాఫ్టువేరుతో పెద్దగా పని ఉండదు. క్లౌడ్ సాఫ్టువేరు మాత్రం డేటాబేసు, వెబ్ సర్వరు, పదుల కొద్దీ లైబ్రరీలపై ఆధారపడుతుంది. వీటిలో ఏది ఏ వెర్షను కావాలో, ఏ ఫైలు ఏ డైరెక్టరీలోకి వెళ్ళాలో, ప్రతి ఫైలు లైసెన్సు ఏమిటో నిర్వాహకుడు వ్రాసి ఉంచాలి. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ చేరేముందు లైసెన్సులను వేరొక బృందం పరిశీలిస్తుంది. ఆ తరువాత అది "అన్‌స్టేబుల్" శాఖలోకి, పెద్ద లోపాలు లేకుంటే కొద్ది రోజులకు "టెస్టింగ్" శాఖలోకి, సుమారు రెండేళ్ళకు ఒకసారి వెలువడే "స్టేబుల్" శాఖలోకి చేరుతుంది.

భాండాగారపు జాబితాపై డెబియన్ డిజిటల్ సంతకం ఉంటుంది. దించుకొన్న ప్రతి ప్యాకేజీని కంప్యూటరు ఆ జాబితాతో సరిచూస్తుంది. అందువలన భాండాగారపు నకలు ఎవరి వద్ద ఉన్నా దానిని నమ్మవచ్చు. కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం వంటి చోట దీని విలువ తెలుస్తుంది. అక్కడ వేలమంది విద్యార్థులు ప్రాంగణంలోనే నివసిస్తూ చదువుకుంటారు. అటువంటి చోట ఒక నకలు భాండాగారం ఉంచితే, ఒక్కసారి దించిన ప్యాకేజీని ప్రాంగణంలోని కంప్యూటర్లన్నీ స్థానిక నెట్‌వర్కు ద్వారానే తీసుకోగలవు. మూల రచయితల వెబ్‌సైటు నుండి ఎవరికి వారు దించుకొంటే ఈ సౌకర్యం ఉండదు.

డెబియన్‌లో చేరిన ప్యాకేజీ అక్కడితో ఆగదు. ఉబుంటుకు, భారతదేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు డెబియన్ ఆధారం. కనుక ఒక నిర్వాహకుని శ్రమ ఈ పంపిణీలకూ అందుతుంది. పొరపాటు కూడా అలాగే అందుతుంది.

== చరిత్ర ==

2009 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 9.04లో యూకలిప్టస్ అనే క్లౌడ్ సాఫ్టువేరు పరిచయమైనది. 2010 జూలైలో నాసా, ర్యాక్‌స్పేస్ సంస్థలు ఓపెన్‌స్టాక్‌ను ప్రారంభించాయి. 2011 అక్టోబరు నాటి 11.10తో ఉబుంటు యూకలిప్టస్‌ను విడిచి ఓపెన్‌స్టాక్ వైపు మళ్ళింది. 2013 మే నెలలో వెలువడిన డెబియన్ 7లో కూడా ఓపెన్‌స్టాక్ చేరింది.

== వేగంలో తేడా ==

ఓపెన్‌స్టాక్ కొత్త వెర్షను ఆరు నెలలకు ఒకటి చొప్పున వస్తుంది. డెబియన్ స్టేబుల్ రెండేళ్ళ పాటు మారదు, ముఖ్యంగా భద్రతా సవరణలు, పెద్ద లోపాల సవరణలు తీసుకుంటుంది. మూల రచయితలకు పాత వెర్షనుపై ఆసక్తి తగ్గిన తరువాత సవరణలను పాత కోడుకు సరిపడేలా మార్చి చేర్చే భారం నిర్వాహకునిపై పడుతుంది. ఇది పైకి కనిపించని పని, స్వచ్ఛందంగా చేసేవారు తక్కువ.

లైబ్రరీల విషయంలోనూ అభిప్రాయభేదం ఉన్నది. ఒక లైబ్రరీ పంపిణీలో ఒక్కచోటే ఉండాలన్నది డెబియన్ సంప్రదాయం. దానిలో లోపం బయటపడితే ఒక్కచోట సరిచేస్తే సరిపోతుంది. గో భాషలో వ్రాసిన కుబర్నెటిస్ వంటివి తమకు కావలసిన లైబ్రరీల నకళ్ళను వెంటబెట్టుకొని వస్తాయి. డెబియన్‌లోని కుబర్నెటిస్ ప్యాకేజీ రెండు వందలకు పైగా లైబ్రరీలను ఇలా కలుపుకొని రావడంపై 2020లో వాదం నడిచింది. విషయం డెబియన్ సాంకేతిక సంఘం వరకు వెళ్ళగా, నిర్వాహకుని నిర్ణయాన్ని తోసిపుచ్చడానికి సంఘం అంగీకరించలేదు.

== ఓన్‌క్లౌడ్ ఉదంతం ==

వేగంలో ఈ తేడా వాడుకరికి ఎంత ముప్పు తెస్తుందో ఓన్‌క్లౌడ్ విషయంలో వెల్లడైనది. ఉబుంటులో "యూనివర్స్" అనే విభాగాన్ని సంస్థ ఉద్యోగులు కాక, ముఖ్యంగా స్వచ్ఛంద సభ్యులు చూసుకొనేవారు. 2014లో అందులోని ఓన్‌క్లౌడ్ పాతబడి, బయటికి తెలిసిన భద్రతా లోపాలతో అలాగే ఉండిపోయింది. దానిని తొలగించవలసిందిగా మూల రచయితలే ఆ ఏడాది కోరారు. అయితే భాండాగారం నుండి తీసివేసినంత మాత్రాన అప్పటికే స్థాపించిన సర్వర్ల నుండి అది పోదు. తమ ఫొటోలు, పత్రాలు అందులో ఉంచినవారు పంపిణీ నుండి వచ్చింది కనుక భద్రమేనని నమ్మి ఉంటారు.

డెబియన్‌లో చిక్కు మరొక రూపంలో వచ్చింది. అక్కడ నిర్వాహకులు శ్రద్ధగానే పనిచేశారు. కాని ఓన్‌క్లౌడ్‌ను నవీకరించేటప్పుడు మధ్యలోని ప్రధాన వెర్షనును దాటవేయరాదని మూల రచయితల నియమం. ఒక స్టేబుల్ నుండి తరువాతి స్టేబుల్‌కు వెళ్ళే డెబియన్ వాడుకరి రెండు మూడు వెర్షన్లు దాటక తప్పదు. దాటితే డేటాబేసు చెడవచ్చు. ఈ రెంటినీ పొసగించే దారి దొరకక 2016లో సర్వరు ప్యాకేజీని డెబియన్ నుండి తొలగించారు.

అదే ఏడాది జూన్‌లో ఓన్‌క్లౌడ్ నుండి నెక్స్ట్‌క్లౌడ్ చీలింది. 2019లో విడుదలైన డెబియన్ 10లో నెక్స్ట్‌క్లౌడ్ డెస్క్‌టాప్ అనువర్తనానికి చోటు దొరికింది, సర్వరుకు దొరకలేదు.